వెంటిలేటర్‌లో దాచిన చీజు

నోయిడాలో మేము అద్దెకుండే ఇంటి మెట్ల మీద ఆ చలికాలమంతా కొట్టిన వాసన నా గదిలోదేనని నేను ఎవరికీ చెప్పలేదు. దాని ఫలితం పక్కగది నర్సు అనుభవించింది.

తొంభైల మొదట్లో నేను ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ వంటశాలలో అసిస్టెంటుని. విదేశీ చీజులను వేలితో నొక్కి, రుచి చూసి, వర్ణించి చెప్పడం మా షెఫ్ పెట్టే పరీక్ష. నేను వాటిని మన తిండితో పోల్చుకునేవాణ్ణి. చిల్లుల చీజు కాస్త సాగుతుంది, వేయించిన జీడిపప్పులా తియ్యగా ఉంటుంది. బాగా పాతబడినది ఎండుకొబ్బరిలా పొడిగా రాలి, పంటికింద పటికబెల్లం పలుకులా తగులుతుంది. నీలిచారలది వెన్నలా కరిగి, చివర్లో మిరియంలా గొంతు పట్టుకుంటుంది. నారింజరంగు తొక్క ఉన్నదే నాకు కొరుకుడు పడలేదు. లోపల జున్నుకంటే మెత్తన, రుచి మీగడ, వాసన తడిసిన మేజోళ్లు. దాని సంగతి తేల్చుకుందామని హోటల్లో మిగిలిన కొసముక్కలు ఎవరూ చూడకుండా తెచ్చి, మెట్లవైపు వెంటిలేటర్‌లో పెట్టాను. ఆ చలికి ఫ్రిజ్ అక్కర్లేదు.

ఇంటి యజమానురాలు గుడ్డు కూడా గడప దాటనివ్వదు. ఒకరోజు మెట్లెక్కుతూ "మఛ్‌లీ", చేపలని ముక్కు మూసుకుంది. నరసాపురం వైపు నుంచి వచ్చిన క్రైస్తవుల అమ్మాయి కాబట్టి అనుమానం నేరుగా నర్సు మీదికే పోయింది.

"ఎండుచేపలు కాదాంటీ, కందిపొడి. తిని చూడండి," అంది నర్సు హిందీలో, తన గదిలోని పొడి డబ్బా తెచ్చి చూపిస్తూ.

"అచ్ఛా? పప్పుల పొడి ఇలా కంపు కొడుతుందా?"

ఆ తర్వాత ఆంటీ ఆమె చెత్తబుట్ట కూడా కదిపి చూసేది. కింది వాటావాళ్లు ఆమె వస్తుంటే మాటలు ఆపేసేవారు. ఆమె రోజూ ఫినాయిల్‌తో గది కడిగేది. నా చీజు మగ్గుతున్నకొద్దీ వాసన పెరిగేది.

ఒక సాయంత్రం నా తలుపు తట్టింది. "అన్నయ్యగారూ, మీరు హోటల్లో చేస్తారు కదండీ, వాసనలు మీకు తెలుస్తాయి. గది ఖాళీ చెయ్యమంటున్నారండి ఆవిడ. ఇది నా గదిలోంచేనా?"

నిజం చెబితే నా గది పోతుంది, సంగతి హోటల్‌కి తెలిస్తే ఉద్యోగమూ పోతుంది.

"ఏమో సిస్టర్, మీ వైపు నుంచే వస్తున్నట్టుంది."

ఆమె నా భుజం మీదుగా గదిలోకి ఒకసారి చూసి వెళ్లిపోయింది. తెలిసిపోయిందేమోనని ఆపైన ఆమె ప్రతి చూపునూ అనుమానించాను. ఆమె గది ఖాళీ చేసి సామాను కిందికి దించిన రోజే ముక్కలు పారేశాను. వాసన పోయింది. "దేఖా?" అంది ఆంటీ, చూశారా అన్నట్టు, అందరికీ వినపడేలా.

ఆమె పనిచేసే ఆసుపత్రి మీదుగానే నా బస్సు. చాలాకాలం అటు చూడకుండా కూర్చునేవాణ్ణి. చివరికి ఒక మధ్యాహ్నం దిగాను. ఆమె వార్డు బయటికి వచ్చి, "ఎవరికైనా బాగోలేదాండీ?" అని అడిగింది.

"అందరూ బాగానే ఉన్నారు సిస్టర్. ఆ వాసన నేను తెచ్చిన చీజుది. మీరడిగినప్పుడే నాకు తెలుసు. తెలిసే మీ మీదికి తోశాను. నన్ను క్షమించండి," అన్నాను.