పిడికిట్లో మూడడుగులు

మా కాలంలో ఇంటి జాగా కొనాలంటే హోర్డింగులు, రంగు కాగితాలు, ప్రభుత్వం ఇచ్చే నమోదు నంబర్లు ఏవీ ఉండేవి కావు. ఒక మనిషి, ఆయన నోట్లో మాట, చేతిలో టేపు. అంతే. మాటను నమ్మనివాళ్లు కూడా టేపును నమ్మేవారు, ఎందుకంటే అంకెలు అబద్ధం చెప్పవని అందరి లెక్క. నా లెక్కా అదే. ఇప్పుడు నాకు డెబ్బై ఒక్క ఏళ్ల ఐదు నెలలు. ఈ సంగతి జరిగినప్పుడు ఇరవై మూడేళ్ల నాలుగు నెలలు. నడుమ గడిచిన నలభై ఎనిమిదేళ్ల ఒక నెలలో నా కోపం ఒక్క అంగుళం కూడా తగ్గలేదు. కొలిచే చెబుతున్నాను.

టైపు పరీక్ష పాసై, మట్టెవాడలో ఒక ప్లాట్ల బ్రోకరు దగ్గర రాతపనికి చేరాను. ఆయన్ను ఊరంతా ఒట్టు మామ అనేది. నోరు తెరిస్తే చాలు, "పిల్లల మీద ఒట్టు" అనేవాడు. (ఆయనకు పిల్లల్లేరు. ఆ సంగతి నాకు పది నెలల తర్వాత తెలిసింది.) నాకున్న ఒకే ఒక్క పేరు, లెక్క తప్పనని. సండే స్కూల్లో చందా పెట్టెలో ఎన్ని బిళ్లలు పడ్డాయో కూడా పాస్టరుగారి కంటే ముందే చెప్పేదాన్ని. ఒట్టు మామ ఆ గుణాన్ని చూసే నన్ను పెట్టుకున్నాడు. ప్లాటు చూడటానికి వచ్చినవాళ్లతో, "ఈ పిల్ల ఉన్నది చూసిన్రా, తక్కెడ ముల్లు అనుకోండ్రి. జర తప్పు రాయమంటే అన్నం మానేస్తది," అనేవాడు. నేను పొంగిపోయేదాన్ని. గాడిదను. ఆయన నన్ను పొగుడుతున్నాడనుకున్నాను గానీ వాడుకుంటున్నాడని అనుకోలేదు.

కొలత పద్ధతి ఇది. ఎనుమాముల పోయే తోవలో ఒక వరుసలో ప్లాట్లు వేశాడు, ఒక్కొక్కటి ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు, అంటే రెండు వందల గజాలు. ఒట్టు మామ ఒక మూల రాయి దగ్గర గొంతుక్కూర్చుని, గుడ్డ టేపుకున్న ఇత్తడి రింగును పిడికిట్లో పట్టుకునేవాడు. నేను చెప్పులు చేతబట్టుకుని, ముళ్లలోంచి టేపును రెండో రాయి దాకా లాగి అంకె చదివేదాన్ని. "గట్టిగ సదువు బిడ్డా, సారు వాళ్లకు ఇనవడాలె!" అని అరిచేవాడు. నేను ఇంకా గట్టిగా, "అరవై! సరిగ్గా అరవై!" అనేదాన్ని. కొనేవాళ్లు తలలూపేవారు. పది నెలల్లో పది ప్లాట్లకు అలా అరిచాను. పదోది మా చిన్నమ్మది.

చిన్నమ్మ మిషన్ దవాఖానలో నర్సు. పెళ్లి చేసుకోలేదు, పదకొండేళ్లు రాత్రి డ్యూటీలు చేసి కూడబెట్టింది. దవాఖాన క్వార్టర్స్ ఖాళీ చేయవలసిన రోజు దగ్గర పడుతోంది, తన పేరున నాలుగు గోడలు లేవాలి. ఆమె ఆశంతా అదే. బ్రోకర్లంటే ఆమెకు భయం. "నువ్వు సదివితెనే నేను కొంటనే, ఇంకెవ్వల్ని నమ్మ," అంది. చదివాను. కొంది.

ముగ్గు పోసే రోజు మేస్త్రీ తన ఇనుప టేపు తీసి, కొలిచి, మళ్లీ కొలిచి, తలపాగా తీసి మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "సిస్టరమ్మా, గీ జాగల రెండు అర్రలు పడ్తయ్. వంటిల్లు పట్టది. వంట వానల చేసుకుంటవా?" అన్నాడు. జాగా ఇరవై ఏడు అడుగుల వెడల్పు, యాభై ఏడు అడుగుల పొడవు ఉంది. నూట డెబ్బై ఒక్క గజాలు. ఇరవై తొమ్మిది గజాలు గాలిలో కలిసిపోయాయి. చిన్నమ్మ ఏడవలేదు, తిట్టలేదు. నా వైపు తిరిగి, "నువ్వు అరవై అని సదివినవ్ కదనే," అంది. అంతే. ఆ వాక్యం ఇప్పటికీ చెవిలో ఉంది. తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

మరునాడు ఒట్టు మామ అన్నానికి వెళ్లగానే బీరువాలోంచి టేపు తీశాను. పది నెలలుగా నేను లాగిన టేపు, కానీ ఎప్పుడూ రెండో కొసే చూశాను. మొదటి కొస ఎప్పుడూ ఆయన పిడికిట్లో ఉండేది. ఇప్పుడు చూస్తే ఇత్తడి రింగు పక్కన మొట్టమొదట కనిపించిన అంకె నాలుగు. ఒకటి లేదు, రెండు లేదు, మూడు లేదు. మూడడుగులు కత్తిరించి, రింగును మళ్లీ తెల్లదారంతో ముచ్చటగా కుట్టాడు. కుట్టు మాత్రం బాగుంది, అది ఒప్పుకోవాలి. కూర్చుని లెక్క వేశాను. ప్లాటుకు మూడడుగుల వెడల్పు మిగిలితే, పది ప్లాట్లకు ముప్పై అడుగులు. వరుస చివర అమ్మకుండా ఉంచిన పదకొండో ప్లాటు ఎక్కడి నుంచి పుట్టిందో అప్పుడు తెలిసింది. దానికి మంత్రసాని నా గొంతు.

బ్రోకర్లకు ఒక సంఘం ఉండేది. చాచా హోటల్ వెనక గదిలో కూర్చునేవారు. అక్కడ ఒక చెక్క మీద సభ్యులందరి కప్పులు వరుసగా ఉండేవి. తప్పు చేసినవాడి కప్పు బోర్లించేవారు. అది బోర్లా ఉన్నన్నాళ్లు అతనితో ఎవరూ టీ తాగకూడదు, బేరం కలపకూడదు. బోర్లించిన కప్పంటే వాళ్లకు వెలి కింద లెక్క. నేను ఫిర్యాదు టైపు చేశాను. ఒట్టు మామ మిషను మీదే చేశాను, కాగితం నాది, కార్బన్ నాది. వెంటే రాజీనామా ఇచ్చాను, దానికి పదిహేను రోజుల గడువు ఉండాలి గనుక ఆ పదిహేను రోజులూ ఆయన దగ్గరే పనికి కూడా వెళ్లాను. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే గదిలో పదిహేను రోజులు.

విచారణ శుక్రవారం, నాలుగున్నరకు. ఐదుగురు పెద్దలు, ఒట్టు మామ, చిన్నమ్మ, నేను, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన ఇనుప టేపు. ఒట్టు మామ లేచి చేతులు జోడించాడు. "ఎలుక కొరికిందన్నా టేపును. నాకేమెరుక? పిల్లల మీద ఒట్టు!"

"ఎలుక కొరికి, మళ్ల రింగు కూడా కుట్టిందా మామా? దారం ఎక్కడ కొన్నదంట?" అన్నాను.

టీలు పోస్తున్న హోటల్ చాచా పక్కకు తిరిగి నవ్వాడు. పెద్దల్లో ఒకడైన సంఘం అధ్యక్షుడు నవ్వలేదు. "ఇగో అమ్మాయీ, మేస్త్రీ టేపు సరైనదని ఎట్ల చెప్తవ్? అదే తప్పుండొచ్చు."

"అయితే మీ ఐదుగురివీ తెప్పించుండ్రి. గీ గోడను కొలుద్దాం."

నేను అమాయకంగానే అడిగాను, దేవుడు సాక్షి. ఐదు టేపులూ ఒకే మాట చెబితే ఒట్టు మామ నోరు మూతపడుతుందని ఆశ. టేపులు వచ్చాయి. ఇనుప టేపు ప్రకారం గోడ పద్ధెనిమిది అడుగులు. మొదటి పెద్దమనిషి టేపు పంతొమ్మిది చూపించింది. రెండోది ఇరవై. మూడోది పద్ధెనిమిదిన్నర (ఆయన కొత్తగా చేరాడు). నాలుగోది ఇరవై. అధ్యక్షుడిది ఇరవై ఒకటి. ఒక్కొక్క అంకెనూ, ఒట్టు మామ నేర్పిన అలవాటు ప్రకారం, గట్టిగా చదివాను. చాచా కెటిల్ కింద పెట్టి, "అరె సాబ్, పొద్దటి సంది నా కమ్రా మూడు ఫీట్లు పెరిగింది! ఇగ చాయ్ అమ్ముడెందుకు, ఊకె కొలుసుకుంట కూసుంట!" అన్నాడు.

తీర్పు రెండు నిమిషాల్లో వచ్చింది. అంత వేగంగా ధర్మం నడవడం నేను మళ్లీ చూడలేదు. "ఇయ్యాల్టి విచారణ ఒట్టు మామ టేపు గురించే, వేరే టేపుల ముచ్చట ఇక్కడ లేదు," అని అధ్యక్షుడు తేల్చాడు. ఒట్టు మామ కప్పు మూడు నెలలు బోర్లించాలి. చిన్నమ్మది పక్కనే గనుక పదకొండో ప్లాటులోంచి మూడడుగులు ఆమెకు కలపాలి. మిగతా తొమ్మిది మంది ఫిర్యాదు చేయలేదు గనుక వాళ్లకు అన్యాయం జరగలేదు!

"మరి పొడవుల మూడడుగులు?" అన్నాను.

"ఎనక మంది ఇండ్లు కట్టుకున్నరు కదమ్మా. ఉన్నకాడికి సర్దుకోవాలె."

ముప్పైని యాభై ఏడుతో గుణిస్తే నూట తొంభై గజాలు. పది గజాలు ఇంకా రావాలి. మిగతా తొమ్మిది మందికీ నేను కార్డులు రాశాను. ముగ్గురే వచ్చారు. ముగ్గురూ ఒట్టు మామ అరుగు మీద మూడు రోజులు కూర్చుంటే, మిగిలిన పదకొండో ప్లాటు ముక్క అమ్మి వాళ్ల నోళ్లు మూయించాడు. ఆరుగురు "పోనియ్ తల్లీ" అన్నారు. ఆ ఆరుగురి మీద కూడా నాకు కోపమే.

ఇక శిక్ష సంగతి. నాలుగో రోజు చాచా హోటల్ ముందు నుంచి వెళ్తుంటే లోపల ఒట్టు మామ, పక్కన అధ్యక్షుడు, ఇద్దరూ నవ్వుకుంటూ టీ తాగుతున్నారు. కప్పు చెక్క మీద బోర్లానే ఉంది. ఆయన సాసర్లో పోసుకుని జుర్రుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, "ఇదేం శిక్ష?" అని అరిచాను. అధ్యక్షుడు సాసరు వైపు చూసి, "కప్పు ముట్టలే కదమ్మా," అన్నాడు. చాచా మాత్రం నా వెనకే బయటికి వచ్చి, "ఫికర్ జేయకు బిడ్డా, ఆయన చాయ్‌ల శక్కర వెయ్యలే," అన్నాడు. ఆ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చిన క్రమశిక్షణ చర్య అదొక్కటే.

చిన్నమ్మ ఇల్లు కట్టింది. ఇప్పుడు నేనుండేది అందులోనే. వంటింట్లో ఫ్రిజ్ తలుపు తెరవాలంటే ముందు గది తలుపు మూయాలి. రోజుకు పదిసార్లు తెరుస్తాను, పదిసార్లూ ఒట్టు మామను తలుచుకుంటాను.

మోకాళ్లు మెట్లు వద్దంటున్నాయి గనుక పోయిన నెల ఇల్లు అమ్ముదామనుకున్నాను. ఒక కుర్ర ఏజెంటు వచ్చాడు. కార్డు మీద ప్రభుత్వ నమోదు నంబరు. "మా మీద కంప్లైంట్ పోతే నంబరే క్యాన్సిల్ చేస్తరు అమ్మమ్మా, మేం పాత బ్రోకర్ల లెక్క కాదు," అన్నాడు. మంచిదే. దస్తావేజు తిరగేసి, "రెండు వందల గజాలు. గట్లనే పెట్టేస్తా," అన్నాడు.

"నూట తొంభై," అన్నాను.

"కాగితంల రెండు వందలున్నది కదా! కొనేటోళ్లు ఎవ్వలు కొలుస్తరు? ఆ పది గజాలు ఊకెనె పోగొట్టుకుంటరా?"

ఒక నిమిషం ఆలోచించాను. అబద్ధమెందుకు, రెండు నిమిషాలు. నాకు రావలసిన పది గజాలు అవి. నలభై ఎనిమిదేళ్లుగా నేను అడుగుతున్నవి. ఇప్పుడు వస్తానంటున్నాయి, కానీ ఎవరో ఇంకో చిన్నమ్మ దగ్గర్నుంచి. లేచి నా ఇనుప టేపు తెచ్చాను. అతను లేజర్ యంత్రం తీశాడు. "ఇది ముందు అంచు నుంచి కొలుస్తుందా, వెనక అంచు నుంచా?" అంటే, "ఎవ్వరూ అడగలే అమ్మమ్మా," అని తల గోక్కున్నాడు. దాన్ని జేబులో పెట్టించాను.

ఈసారి మూల రాయి దగ్గర నేనే కూర్చున్నాను. (కూర్చోవడానికి ఒక నిమిషం, లేవడానికి నాలుగు.) టేపు మొదటి కొసను అరచేతిలో పరిచి, వేళ్లు విప్పి, ఒకటి అంకె మీద ఎండ పడేలా పట్టుకున్నాను. అతను రెండో కొస దాకా వెళ్లి ఏదో గొణిగాడు.

"గట్టిగ సదువు బిడ్డా!" అన్నాను. అన్నాక గానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు.

"యాభై ఏడు!" అని అరిచాడు. "సరిగ్గ యాభై ఏడు!"

చెప్పులు చేతబట్టుకుని, ముళ్లలో నిలబడి, తల ఎత్తుకుని అరవై అని అరిచిన ఆ ఇరవై మూడేళ్ల పిల్ల ఒక్క క్షణం కళ్ల ముందు నిలిచింది. ఎంత గర్వమో దాని మొహంలో. నవ్వొచ్చింది. ఒకసారి ఇవతలికొచ్చి ఈ కొస కూడా చూడవే, పిచ్చిదానా, అని చెప్పాలనిపించింది.