గడియ వేసిన చిత్రోత్సవం

శనివారం, ఉదయం పదిన్నర. నల్లగొండలో మా కాలేజీ సెమినార్ హాలు. హాజరైనవారు: ప్రిన్సిపాల్ గారు, విద్యార్థులు నలభై ఇద్దరు, మా ఊరి గొర్ల బావ, ఆయన కూతురు, తలుపు దగ్గర నేను.

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నేనింకా కుర్రవాణ్ణే. ఉద్యోగ విరమణ చేసి ఆరు నెలలే అయింది మరి. ముప్పయ్యేళ్లు కాలేజీ ఆఫీసులో హాజరుపట్టీలు చూసినవాణ్ణి, ఇంట్లో తోచక పప్పుల డబ్బాలకు చీటీలు అంటిస్తుంటే మా ఇంటావిడ భరించలేక, "జర గా కాలేజీకన్న పోయి రండ్రి" అంది. సరిగ్గా అప్పుడే అక్కడ ఉచిత పర్యావరణ చిత్రోత్సవం పెట్టారు. తలుపు బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. ఉచితమంటే జనం బస్టాండులో తిరిగినట్టు వచ్చిపోతుంటారని నా భయం. ఏడు నియమాలు రాసి తలుపుకు అంటించాను. నాలుగోది: సినిమా మొదలయ్యాక ఎవరూ బయటికి పోరాదు. (గడియకు నూనె కూడా వేశాను.) ఏది ఎన్ని నిమిషాలో తెలియాలని సినిమాలన్నీ ముందే రెండేసి సార్లు చూసి డైరీలో రాసుకున్నాను.

వాటిలో ఒకటి బావ కూతురు తీసింది. (బావ అంటే ఊరి వరుసే, చుట్టరికం లేదు.) కట్టంగూర్ అవతల మా ఊరి చెరువు కింది బీడంతా ప్లాట్లయిపోయి, గొర్లు కంకర బాటల మీద మేత వెతుక్కోవడం అందులో కథ. "మన గొర్లు మనకు కనవడయా? బొమ్మ తీసి చూసుడెందుకు?" అని బావ మొదటినుంచీ గునుస్తూనే ఉన్నాడు. ఆ పొద్దున అమ్మాయి నా చెవిలో చెప్పింది: "నాయినకు నచ్చకుంటే కెమెరా ఇడిసిపెట్టి బీఎడ్‌ల చేరుత అని మాటిచ్చిన మామా."

సినిమా మొదలైంది. ఏడో నిమిషంలో గొర్ల మంద తెర మీదికి వచ్చింది. బావ దిగ్గున లేచి, అడ్డమొచ్చిన కాళ్లను తొక్కుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"తలుపు తియ్యి బామ్మర్దీ."

"తియ్యరాదు బావా. నాలుగో నియమం చూడు, రాసి పెట్టిన."

"నువ్వు రాసినవు సరే, గొర్రె సదివిందా? గా నల్లమూతిది కుంటుతాంది, చూసినవా?"

"గది నెల కింద తీసిన బొమ్మ బావా!"

"అయితే నెల సంది కుంటుతున్నట్టే గదా!"

హాలంతా గొల్లుమంది. నేను గడియ పట్టుకుని నిలబడ్డాను. ఆయన నా చెయ్యి పక్కకు తోసి, తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. అమ్మాయి ముఖం చూడలేకపోయాను. "నాయిన సగంల లేచిపోయిండు మామా" అని మాత్రం అంది. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండి, అన్నం కెలికి వదిలేసి, బీఎడ్ దరఖాస్తుకు ఏమేం కాగితాలు కావాలని నన్నే అడిగింది.

మరునాడు పొద్దున నేను పళ్లు తోముకుంటుండగా బావ వచ్చాడు. మొదటి బస్సుకే బయల్దేరాడట. వరండాలో కూర్చున్న కూతురి ముందు గుప్పిట విప్పాడు. చింతగింజంత కంకర రాయి.

"నల్లమూతి దాని గిట్ట సందుల ఇరికింది. దినాం ఎంబడి తిరిగెటోన్ని, నాకే కనవడలే. నీ బొమ్మల కనవడ్డది బిడ్డా."

ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది. బావ నా వైపు తిరిగాడు. "మిగిలిన సగం చూపియ్యమను. నిన్న నువ్వు తలుపు కాడ పంచాయితి పెట్టి చూడనియ్యకపోతివి."

(చూడమని ఆపింది నేను!)

చాయ్ తాగుతూ ఆమె కంప్యూటర్ మీద మొదటినుంచీ చూశాడు, రెప్ప వేయకుండా. అయిపోయాక, "బీఎడ్ గిట్ల ఏం వద్దు గని, ఎగువ కాల్వ సుత తియ్యి. అది గూడ కనవడకుంట పోతాంది" అన్నాడు.

ఆ శనివారం పేజీ ఇప్పుడు తిరగేస్తే నాలో నేనే నవ్వుకుంటాను. ఆ సినిమా నిడివి సెకన్లతో సహా రాసుకున్న పెద్దమనిషి, రెండుసార్లు చూసి కూడా, గొర్రె కుంటుతోందని ఎక్కడా రాసుకోలేదు.