అరచేతి మీద రాత

మా అబ్బాయికి ముప్పై ఎనిమిదేళ్లు. ఏడీహెచ్‌డీ అనే ధ్యాస నిలవని సమస్య వల్ల పనులు మరిచిపోయి, ప్రొద్దుటూరులో మూడో ఉద్యోగమూ పోయేలా ఉంటే, ఆఫీసు పని కుదురుగా చేసుకోవడం నేర్పే కోచ్ దగ్గరికి వెంట వెళ్లాను.

"చెప్పిన పని అప్పుడే రాసుకోప్పా. కాగితం లేకుంటే చేతి మీద రాసుకో, సిగ్గేంది?" అన్నాడు కోచ్.

"మా నాయన అట్లే రాసుకుంటాండె సార్. మాయమ్మ తిట్టి సబ్బుతో కడిగిస్తాండె," అని నవ్వాడు మావాడు.

"చదువుకున్నోళ్లు చేసే పనా అది?" అన్నాను.

"నువ్వు చెప్పిన పనులే గదమా ఆయప్ప రాసుకుంటాండింది!"



ఇప్పుడు మావాడు చేతి నిండా రాసుకుంటాడు, ఉద్యోగం నిలిచింది. మావారు పోయి ఆరేళ్లయింది. ముప్పై నాలుగేళ్లు ఆ చెయ్యి కడిగించాను గాని, దాని మీద ఏముందో ఒక్కరోజూ చదవలేదు.