ఐసుకు తోడు

మా నాయనకు టేకులపల్లిల సోడా, షర్బతు దుకాణం ఉండె. డెబ్బయిలల్ల ముచ్చట. మా ఊళ్లె అప్పటికి ఎవరింట్లనూ ఫ్రిజ్ లేదు. ఐసు ఖమ్మం నుంచి రావాలె. దిమ్మెను రంపపు పొట్టుల పొర్లించి, గోనె సంచిల చుట్టి బస్సు టాపు మీదికి ఎక్కిస్తే, మా ఊరు వచ్చేసరికి సగం ఐసు దారిలనే కారిపోయేది. ఆ తడి టేకు పొట్టు వాసన ఇప్పటికీ నా ముక్కుల ఉన్నది.

వచ్చిన ఐసును నాయన ఒక పెద్ద కట్టెపెట్టెల పొట్టు నింపి దాచేటోడు. దాంట్ల ఆయనకొక పట్టింపు. నిన్నటి ఐసుల ఒక ముక్క మిగిల్చి, దాని మీదనే కొత్త దిమ్మె పెట్టాలె. పాలల్ల పెరుగు చుక్క ఏసినట్టు, దాన్ని తోడు అనేటోడు. తోడు లేకుంటే కొత్త ఐసు నిలవదని ఆయన నమ్మకం. పెండ్లోళ్లు వచ్చి బతిమాలినా ఆ ముక్క ఇయ్యకపోయేటోడు. "ఐసు తోడుకునుడు ఏడన్న ఉన్నదా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది" అని అమ్మ ఎక్కిరించేది. నాకైతే ఒళ్లు మండేది. ఎండల పడి బడి నుంచి వస్తే చీకడానికి ఇంత పెచ్చు గూడ పెట్టకపాయె.

మా ఇంట్ల కిరాయికుండే బడి సారు ఒకనాడు చెప్పిండు. ఉత్తర ధ్రువం కాడ సముద్రమే గడ్డకడతదట. ఎండాకాలంల కరగకుండ మిగిలిన పాత ఐసుకు చలికాలంల కొత్తది పేరుకుంటదట, గట్ల ఏండ్ల తరబడి మందమైతదట. నాయన మొఖం చూడాలె అప్పుడు. "విన్నవా, సముద్రానికి గూడ తోడు కావాలె" అని అమ్మను ఎన్నాళ్లో సతాయించిండు. అప్పటి నుంచి సారు కనవడితే సాలు, సుట్టాల మంచిచెడ్డలు అడిగినట్టు "మన ఐసు ఎట్లున్నది సారూ?" అని అడిగేటోడు.

ఒక ఎండాకాలం బస్సులు బందైనయి. పెట్టెల తోడు ముక్క ఒక్కటే మిగిలింది. నాయన దాని మీద పొట్టు కప్పి, ఎవరినీ మూత తియ్యనీయక కావలున్నడు. గప్పుడే చెల్లెకు జరమొచ్చింది. మధ్యాహ్నానికి ఒళ్లు పెనం లెక్క కాలి, పిల్ల కండ్లు తేలేసింది. దవాఖానాకు తీస్కపోదామంటే బండి లేదు. అమ్మ నోరు తెరవకముందే నాయన పెట్టె తీసిండు. ముక్కను గుడ్డల చుట్టి పిల్ల నుదుటి మీద పెట్టి, అది నీళ్లైపోయేదాక పట్టుకొని కూసున్నడు. జరం దిగింది. పిల్ల తాగడానికి నీళ్లడిగింది.

బస్సులు నడిచినంక కొత్త దిమ్మెను తోడు లేని ఉత్త పెట్టెల పెట్టిండు. సాయంత్రానికి నీళ్లే మిగిలినయి. "పోతే పోనీ, ఆ సముద్రంలనన్న తోడు ఉన్నది గదా" అన్నడు. ఆ మాట మీదనే ఆయన మనసు నిమ్మళమైంది.

తొంబైలల్ల ఊళ్లెకు ఫ్రిజ్జులొచ్చి దుకాణం మూతబడ్డది. నేను ఖమ్మంల నౌకరీ చేస్తున్న. ఇంటికి పోయినప్పుడల్లా ఆ సముద్రం ఐసు సంగతి నన్ను అడుగుడు మాత్రం నాయన మానలె. ఒకనాడు రేడియోల విన్న. అక్కడి పాత ఐసు తగ్గిపోతున్నదట, ఒక్క చలికాలం పేరుకునే పల్చటిదే మిగులుతున్నదట, అది మళ్ల ఎండాకాలానికి నిలుస్తలేదట. నాయనకు చెప్పకుండ దాచుదామనే అనుకున్న. ఆయన నా మొఖం చూసి అడిగేసరికి దాచలేకపోయిన.

"మన తోడు పోయింది గని పిల్ల దక్కింది. మరి సముద్రం తోడు ఎవరి కోసం పోతున్నది?" అన్నడు నాయన.

నాకు దుఃఖమొచ్చి, లేచి బయటికి పోయిన.