రింగుల చొక్కా, నొప్పి తెలియని చేయి

ఆ రోజు శుక్రవారం. మధ్యాహ్నం నమాజు అయ్యాక మాచర్లలోని నా సైకిల్ షాపు తలుపు సగం వేసి, లోపల పట్టా పరుచుకుని ఇనుప రింగులు కలుపుతున్నాను. ఎదురుగా కోటయ్య కూర్చున్నాడు. క్వారీలో రాయి కొడతాడు, తిరునాళ్ళలో నాటకాలు వేస్తాడు. ఉన్నట్టుండి "అన్నా, నెత్తురు" అన్నాడు. చూస్తే నా ఎడమ చిటికెన వేలి నుంచి రక్తం కారి ఒడిలోని చొక్కా మీద పడుతోంది. తెగిన తీగ కొన వేల్లోకి దిగి ఉంది. నాకు తెలియనే లేదు.

"మస్తానన్నకి చేతులు గూడా ఇనుమే" అని కోటయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే గర్వంగా కూడా అనిపించింది. పానా పట్టే మా వాళ్ళలో నొప్పి తెలియని చేయంటే పనితనానికి గుర్తు. కొత్తవాడికి వేళ్ళు మండుతాయి, ముదిరినవాడికి కాయలు కాస్తాయి. నా చేయీ కాయ కాచిందనుకున్నాను.

చొక్కా సంగతి చెప్పాలి. ఒకసారి హైదరాబాదులో పెళ్ళికి వెళ్ళినప్పుడు మ్యూజియంలో పాతకాలపు సైనికుడి ఇనుప చొక్కా చూశాను. అంతా రింగులే. ఒక్కో రింగు చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుని ఉంది. కాపలావాడు కసిరేదాకా అద్దానికి ముక్కు ఆనించి ఆ అల్లిక చూశాను. ఇంటికొచ్చి ఇనుప తీగని కడ్డీకి చుట్టి, కత్తిరించి, రెండు ప్లేయర్లతో ఒక్కో రింగూ మూయడం మొదలుపెట్టాను. "పంచర్లు మానేసి ఈ గొలుసులేందయ్యా, ఏ యుద్ధానికి బోతావు?" అనేది నా భార్య ఖాసింబీ.

యుద్ధాలు మాకు నాటకాల్లో ఉన్నాయి. అప్పటిదాకా మా వైపు వీరుడంటే గోనెపట్టాకి వెండి రంగు పూసుకుని వచ్చేవాడు. నా చొక్కా తొడుక్కుని కోటయ్య స్టేజీ మీద నడిస్తే, ఆ చప్పుడుకి ముందువరుస పిల్లలు లేచి నిలబడ్డారు. ఆ తరువాత ఏ ఊరివాళ్ళు అడిగినా చొక్కా ఇచ్చాను. శుక్రవారాలు నలుగురైదుగురు వచ్చి రింగులు కలపడం నేర్చుకునేవారు. నా జీవితంలో అంత సందడి ఎప్పుడూ లేదు.

ఎడమ ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి, నెత్తురు కారిన ఆ శుక్రవారానికే ఉంది. బ్యాటరీ యాసిడ్ పడిందనుకున్నాను. దురద లేదు, మంట లేదు. మూడు నెలలకి చిటికెన వేలూ దాని పక్క వేలూ వంగడం మొదలైంది. రింగు పట్టు జారిపోతోంది. ఖాసింబీ పోరు పడలేక గుంటూరు వెళ్ళి చర్మవ్యాధుల డాక్టరుకి చూపించాను.

"కళ్ళు మూసుకో. నేను ముట్టుకున్న చోటల్లా వేలితో చూపించు" అన్నారాయన. అన్నీ చూపిస్తున్నాననే అనుకున్నాను. కళ్ళు తెరిచాక, "పదిసార్లు ముట్టుకున్నాను. ఆరే చూపించావు" అన్నారు. మోచేతి వెనక నరాన్ని నొక్కి, "అల్నర్ నర్వ్ తాడులా ఉంది" అని పక్క డాక్టరుకి చెప్పారు. క్రిములున్నాయేమో చూడ్డానికి చెవి తమ్మె దగ్గర కోసి స్కిన్ స్మియర్ తీశారు.

రిపోర్టు చూసి, "లెప్రసీ. మల్టీబాసిలరీ, అంటే క్రిములు ఎక్కువున్న రకం. కొత్త మందులొచ్చాయి, రెండేళ్ళు మానకుండా వాడితే నయమవుతుంది. పోయిన స్పర్శ మాత్రం తిరిగొస్తుందని మాటివ్వలేను" అన్నారు. కుష్టు అనే మాట ఆయన నోట రాలేదు. నరసరావుపేట దాటేదాకా బస్సులో ఆ మాటే నాకు నేను చెప్పుకుంటూ కూర్చున్నాను.

రిఫాంపిసిన్ నెలకోసారి మాచర్లలోనే నర్సు ఎదుట మింగాలి. డాప్సోన్, క్లోఫాజిమిన్ రోజూ. మూత్రం ఎర్రగా వచ్చేది, ఒళ్ళు నల్లబడింది. "ఈ నలుపు మందుది, జబ్బుది కాదు" అంది నర్సు. బజారుకి ఆ తేడా ఎవరు చెబుతారు? రోగుల్ని వెతుక్కుంటూ తిరిగే కుష్టు ఇన్‌స్పెక్టరు స్కూటరు నా షాపు ముందు ఆగిన రోజే అందరికీ తెలిసిపోయింది.

మందు మొదలయ్యాక ఇంట్లోవాళ్ళకి భయం లేదని డాక్టరు ఖాసింబీకి చెప్పారు. ఆమె విన్నది. ఆమె అన్న వినలేదు. పది రోజులని చెప్పి ఆమెనూ మా పసిపాపనూ గురజాలలో పుట్టింటికి తీసుకెళ్ళాడు. అవి నెలలయ్యాయి. శుక్రవారం మనుషులు రావడం మానేశారు. ఒక పొద్దున షాపు గడియకి గోనెసంచి వేలాడుతోంది. లోపల నా చొక్కా. సంచికి వేసిన ముడి క్వారీలో రాయికి వేసే ముడి. అది కోటయ్య చేతిదని తెలిసి చాలాసేపు విప్పలేకపోయాను. జబ్బని తెలిసిన రోజు కూడా అంత ఏడవలేదు.

నెలకోసారి ఆ కళ్ళు మూసే పరీక్ష ఇంట్లో ఎవరిచేతైనా చేయించుకొమ్మని డాక్టరు చెప్పారు. స్పర్శ తగ్గితే వెంటనే రమ్మన్నారు. ఇంట్లో ఎవరున్నారు? నా కుడిచేత్తో నేనే చేసుకున్నాను. కళ్ళు మూసుకున్నా, ఎక్కడ ఆనిందో ముట్టుకునే చేతికి తెలుసు కదా! ప్రతి నెలా పదికి పది మార్కులు. సంతోషంగా మందులు మింగాను.

వేళ్ళు ఇంకా ముడుచుకుపోయాక గానీ గుంటూరు పోలేదు. "సైలెంట్ న్యూరైటిస్. నొప్పి లేకుండానే నర్వ్ దెబ్బతింటుంది. నెలనెలా టెస్ట్ ఎవరు చేశారు?" అన్నారు డాక్టరు. "నేనే సార్" అన్నాను. ఆయన పెన్ను పక్కన పెట్టి నా వంక చూశారు. నరం వాపుకి ప్రెడ్నిసలోన్ రాశారు, వేళ్ళు వంగకుండా ఊతగా స్ప్లింట్ కట్టారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆ రెండు వేళ్ళూ ఇప్పటికీ వంకరే.

ఖాసింబీ వెళ్ళిన పదకొండో నెలలో, ఒక శుక్రవారం కోటయ్య గడపలో నిలబడ్డాడు. మణికట్టు చాపాడు. తెల్లటి మచ్చ.

"ఇది జూడన్నా. చానా దినాల నుంచుంది. నీ చొక్కా తొడిగినందుకేనా?"

"ఇనుము నుంచి రాదురా. కళ్ళు మూసుకో."

రింగు ఒకటి విప్పి, దాని కొన మచ్చ మీద ఆనించాను. తగల్లేదని అంటే బాగుండునని ఒక్క క్షణం కోరుకున్నాను. నాకు తోడొస్తాడని. ఆ కోరిక గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

"తగిలింది. ఈడా తగిలింది. అబ్బా, గుచ్చమాకన్నా!"

"ఇది అది కాదనుకుంటా. అయినా డాక్టరుకి చూపించు" అన్నాను. తరువాత చూపించాడు, మామూలు చర్మం మచ్చే.

ఆ రోజు వెళ్ళిపోతాడనుకున్నాను. లోపలికొచ్చి పట్టా మీద కూర్చున్నాడు.

"మరి నీకెవరు జూస్తన్నారు?"

"ఎవరూ లేరు."

"ఏందన్నా అది..." అంటూ నా చేయి ఒళ్ళో పెట్టుకున్నాడు. "కళ్ళు మూసుకో."

ఆసుపత్రి వాళ్ళు కాక అన్ని నెలల్లో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి వాడే. పదికి మూడు చెప్పాను. మిగతా ఏడు చోట్లా ముట్టుకున్నాడని వాడి మాట మీద నమ్మాను.

మందులు పూర్తయ్యాయి. స్మియర్ నెగటివ్. ఖాసింబీ తిరిగొచ్చింది. ఆ నెలల గురించి ఆమె చెప్పదు, నేను అడగను. చొక్కాని మళ్ళీ ఎవరూ అడగలేదు. ప్లేయర్ల పిడులకి ట్యూబు రబ్బరు చుట్టి, పని అయ్యాక ప్రతి వేలూ వెలుతురులో చూసుకుంటూ, శుక్రవారాలు ఒక్కణ్ణే ఆ చొక్కాకి ఎడమ చేయి అల్లుతున్నాను. నెలకొక శుక్రవారం కోటయ్య వస్తాడు. నా దగ్గర టీ మాత్రం తాగడు.

చదివేవాళ్ళకి చెప్పేది ఒకటే. దురద, నొప్పి లేని మచ్చ కనిపిస్తే దాన్ని చూసి ధీమా పడకండి, గర్వం అసలే పడకండి. కళ్ళు మూసుకుని పరీక్ష చేయించుకోండి, తేడా ఉంటే ఆ వారమే ఆసుపత్రికి వెళ్ళండి. ఆ పరీక్ష ఎవరికి వాళ్ళు చేసుకునేది కాదు. ముట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. మీ ఊళ్ళో ఎవరికైనా ఈ జబ్బు ఉంటే, నెలకోసారి వెళ్ళి ఆ మనిషి మీరే అవ్వండి.