మూత లేని బండి అన్నవాళ్లకు

మా మరిది పోయాడు. మానుకోట రోడ్డు మీద, తన కారు పక్కనే, పట్టపగలు కూలబడి పోయాడు. గుండె ఆగిందని దవాఖానలో చెప్పారు. మా గూడూరులో మాత్రం ఇంకోలా చెప్పుకుంటున్నారు. డీజిలు ట్యాంకుకు మూత పెట్టుకోక, వాన నీళ్లు లోపలికి పోయి, బండి నడిదారిలో మొరాయిస్తే, దాన్ని నెట్టి నెట్టి చచ్చాడట. చాయ్ హోటల్లో ఇదే మాట. చివరికి పరామర్శకని మా వాకిట్లో కూర్చుని కూడా ఇదే మాట. అందుకే చెబుతున్నాను. నాకు అక్షరం రాదు, మనవరాలు రాస్తోంది. మనుషుల మాటలు వాళ్లు అన్నట్టే రాయి, మిగతాది నీ బడి తెలుగులో రాసుకో అన్నాను.

నేను కాపురానికి వచ్చేనాటికి వాడు నిక్కరు వేసుకుని తిరిగేవాడు. పెద్దయ్యాక ఒక పాత కారు కొని కిరాయికి నడిపాడు. ఎవరికి నొప్పులు వచ్చినా, ఎవరిని పాము కరిచినా ఊరికి ఆ కారే దిక్కు. మనిషిని ఎక్కించుకునే ముందు వెనక సీటు తువ్వాలతో తుడిచేవాడు. అన్నం తింటుండగా పిలుపు వస్తే కంచంలోనే చేయి కడిగి లేచేవాడు. నేను తిట్టేదాన్ని.

"తిట్టు వదినె, నువ్వు తిట్టకుంటే నా బండి స్టార్ట్ కాదు" అనేవాడు.

ఇక ఆ మూత సంగతి. కిరాణా దుకాణం సేటు కోడలికి నొప్పులు వచ్చిన రోజున పోయింది అది. మానుకోట బంకులో డీజిలు పోయించుకుంటుంటే వెనక సీట్లో ఆ పిల్ల కేక పెట్టింది. వీడు మూతను కారు మీద పెట్టి, అక్కడే మరిచిపోయి దవాఖానకు ఉరికించాడు. ఏ మలుపులో దొర్లిపడిందో దేవుడికే తెలియాలి. కోడలికి సుఖంగా కాన్పయింది. సేటు వాడకట్టంతా మిఠాయి పంచాడు. ఆ తర్వాత అదే సేటు కారు ఎక్కిన ప్రతిసారీ ముక్కు మూసుకుని, "గీ వాసనేందిరా, మూత లేని బండోడా" అని నవ్వేవాడు. మూత ఎవరి పని మీద పోయిందో ఒక్కనాడూ గుర్తు చేసుకోలేదు. మా వాడు కూడా గుర్తు చేయలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. వాడు కూడా నవ్వేవాడు.

మొదట్లో ఆ రంధ్రంలో నా పాత చీర పేలిక కుక్కాడు.

"నీ కారు నా చీరె కట్టుకుంటదారా?"

"నువ్వు కట్టుకున్నప్పటికన్న దానికే మంచిగున్నది వదినె."

తర్వాత పేలిక తీసేసి, ప్లాస్టిక్ కవరు మడతలు పెట్టి కప్పి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. మబ్బు పట్టిందంటే లేచి పోయి ఆ కట్టు చూసుకునేవాడు. నీళ్లు పోయాయన్నవాళ్లకు ఇది కనపడలేదా? కారు నిలిపేది వాళ్ల ఇళ్ల ముందే కదా.

కొత్త మూత ఒకటి కొన్నాడు కూడా. చూడటానికి అచ్చం అదే, కానీ మర పట్టలేదు. రాయితో కొట్టి కూర్చోబెట్టమన్నాను.

"బలంతోని అయ్యేది కాదు వదినె. నోరు సాఫుగ తుడవాలె, మర కలపాలె, సప్పుడొచ్చేదాక తిప్పాలె. గంతే."

సరైనది వరంగల్లులో పాత సామాన్ల దుకాణం నుంచి తెప్పించుకున్నాడు. వచ్చిన సాయంత్రం అరచేతిలో పెట్టి నాకు చూపించి, గూట్లో పెట్టాడు. పొద్దున పెడతానన్నాడు. పొద్దున్నే సేటు వచ్చి మానుకోట పోవాలని తొందరపెట్టాడు. మూత గూట్లోనే ఉండిపోయింది, వాడు ఆ దారిలోనే పోయాడు.

మూడో నాడు పిట్టకు పెట్టాం. పోయినవాడికి ఇష్టమైన తిండి బయట విస్తరిలో పెడితే, కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ తినరాదు. విస్తరి వేసిన మా చెలక చేను ఆ రోడ్డు పక్కనే. వాడు పడిపోయిన చోటు, ఆ కారు అక్కడికి కనపడుతూనే ఉన్నాయి. చెడిపోయిందనుకుని దాన్ని ఎవరూ ముట్టలేదు. ముందు రోజు గట్టి వాన కొట్టింది, అందులోనే తడిసింది. కోడి కూర, గారెలు, కల్లు పెట్టాం. నేను ఆ మూతను కూడా తెచ్చి విస్తరి పక్కన పెట్టాను.

కాకి చెట్టు మీద కూర్చుంది కానీ దిగలేదు. మనసులో ఏదో మిగిలిందన్నారు. "బాపు, అమ్మను మంచిగ చూసుకుంట, తిను" అని వాడి కొడుకు దండం పెట్టాడు. అయినా దిగలేదు. ఎండ ముదిరింది. ఆకలి మీదున్న సేటు గొణిగాడు.

"మూత కోసమే సూస్తున్నడేమో. గదేదో ముందుగాలనే పెట్టుకుంటే, నడి తొవ్వల బండి నెట్టుకుంట సచ్చెటోడా."

కొందరు నవ్వారు. చచ్చినవాడి విస్తరి ముందు నవ్వారు.

నేను లేచాను. "నువ్వు నెట్టినవా సేటు?"

"ఏంది పెద్దమ్మ?"

"బండి చెడిపోతే వెనక కూసున్నోడు దిగి నెడ్తడు. నువ్వు నెట్టినవా?"

"లేదు. నేను ఫోన్ల మాట్లాడుతున్న. బండి ఆగింది, ఆయన దిగిండు, పడ్డడు. చెడిపోయిందనుకున్న."

"అనుకున్నవ్. అనుకొని ఊరంత చాటినవ్."

కొంగు ముడి విప్పి కారు చాబీ చూపించాను. దవాఖానలో వాడి అంగీ నా చేతికిచ్చినప్పుడు జేబులో దొరికింది అది.

"చెడిపోయిన బండిల చాబీ తిప్పుకుంట కూసుంటరు. తీసి జేబుల ఏసుకుంటరా? నొప్పి లేస్తే, వెనక నువ్వున్నవని పక్కకు తీసి ఆపిండు. నిన్ను గుంతల ఎయ్యకుండ ఆపిండు."

చాబీని కొడుకు చేతిలో పెట్టి, పోయి తిప్పమన్నాను. అందరూ నా వెనక రోడ్డు దాకా వచ్చారు. ఒక్క తిప్పుకే బండి అందుకుంది. దగ్గు లేదు, పొగ లేదు.

"తప్పయింది పెద్దమ్మ" అన్నాడు సేటు, తల వంచుకుని.

"నాకు చెప్పుడు కాదు. హోటల్ల చెప్పు."

హోటల్లో ఇప్పటికీ చెప్పలేదు. అందుకే ఇది రాయిస్తున్నాను. ఆ దారిన బండి చెడిపోలేదు. మనిషి ఆగిపోయాడు, ఆగేముందు బండిని భద్రంగా ఆపాడు. ఇది ఊరంతా చదువుకోవాలి.

ఆ రోజు ఇంజను ఆపించి, విస్తరి పక్కనున్న మూత తెచ్చుకున్నాను. కొడుకు చేయి చాపితే ఇవ్వలేదు. ట్యూబు ముడి విప్పాను. వాడు ఎంత గట్టిగా కట్టాడో, గోరు విరిగింది. కవరు తీస్తే లోపల పొడిగా ఉంది. పాత మూతది, ఎప్పుడో తెగిన తాడు ముక్క ఇంకా వేలాడుతుంటే పీకేశాను. కొంగుతో చుట్టూ తుడిచి, మర కలిపి తిప్పాను. టిక్కుమంది.

వెనక చెలకలో ఎవరో పిట్ట దిగిందన్నారు. అందరూ అటు ఉరికారు. నేను తిరిగి చూడలేదు. మళ్లీ తిప్పాను. బిగిసిన మూత ఇంక బిగియదు, తిప్పినప్పుడల్లా ఆ సప్పుడే చేస్తుంది. డీజిలు వాసన కొడుతున్న కొంగు భుజాన వేసుకుని, రోడ్డు మీద నిలబడి, తిప్పుతూనే ఉన్నాను.