పన్నెండు గ్లాసులు, నా బొటనవేలి గోరు

మిష్రిఫ్‌లో నేను పనిచేసే అరబ్బుల విల్లాలో మామాకు, అంటే మా యజమానురాలికి, ప్రాణంతో సమానమైనవి పన్నెండు పాత గ్లాసులు. ఎప్పుడో స్వీడన్ నుంచి వాళ్ల నాన్న తెచ్చినవి. వాటిని గిన్నెలు కడిగే మెషిన్‌లో వెయ్యకూడదు. ఆరేళ్లుగా చేత్తో కడిగింది నేనే, ఒక్కటీ పగలలేదు.

ఒక శుక్రవారం భోజనాలయ్యాక మామా చెల్లెలు అందులో ఒకటి ఎత్తి చూసింది.

"ఇది మిగతావాటికన్నా పొట్టి. లోపల బుడగ కూడా ఉంది. అసలుది పగలగొట్టి, ఖైతాన్ బజార్లో చవక గ్లాసు కొని పెట్టేసింది నీ పనిమనిషి."

మామా ముఖం మాడిపోయింది. "నిజం చెప్పు. అబద్ధమాడే మనిషిని నా ఇంట్లో ఉంచుకోను" అంది నాతో.

వంటచేసే రాయచోటి అక్క నా మోచెయ్యి గిల్లింది. "గమ్మున తప్పయిందని కాళ్లు పట్టుకోమే. లేకుంటే ఇంటికి పంపిచ్చారు."

"నేనేం జేసినానని పట్టుకోవల్లక్కా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ కడప వీధుల్లో గాజుల మలారం మోసుకుంటూ అమ్మిన మనిషి. ఏ గాజునైనా బొటనవేలి గోటితో చుట్టూ తడిమి, అతుకు చూశాకే చేతికి తొడిగేది. ఆ అలవాటు నాకూ అబ్బింది. ఏ గ్లాసు కడిగినా నా గోరు దాని చుట్టూ ఒకసారి తిరగాల్సిందే. తిరిగినచోట ఏముందో, ఎందుకుందో ఫోన్‌లో వీడియోలు చూసి తెలుసుకున్నాను.

వంటింట్లోంచి చాయ్ గ్లాసు తెచ్చాను. "గోటితో చుట్టూ గీసి చూడు మామా" అన్నాను నా వచ్చీరాని అరబ్బీలో. ఆమె గోరు రెండుచోట్ల తట్టుకుంది. గాజును అచ్చులో పోసినప్పుడు అచ్చు రెండు ముక్కలూ కలిసిన చోట్లవి. తర్వాత ఆ పొట్టిదాన్ని ఇచ్చాను. గోరు ఎక్కడా ఆగలేదు. దాని అడుగున, చేసేటప్పుడు గ్లాసును పట్టి ఉంచిన ఇనుప కడ్డీని విరిచి అరగదీసిన గుండ్రటి మచ్చ. పన్నెండింటికీ ఉంది.

"మరి ఎత్తు?" అంది చెల్లెలు.

అన్నిటినీ దగ్గరగా పేర్చి పైన ట్రే పెట్టాను. మూడే దాన్ని మోశాయి. మిగతా తొమ్మిదికీ ట్రే ఆననేలేదు.

"నోటితో ఊది చేసినవి మామా. ఏ రెండూ ఒక్కలా ఉండవు, బుడగలూ పడతాయి."

"ఖలాస్" అంది మామా. ఆ పొట్టి గ్లాసులోనే జ్యూస్ పోసి నా చేతికిచ్చింది. అందరి ముందూ కూర్చుని తాగాను. గర్వంగా ఉండింది, దాచుకోవడమెందుకు?

వారం తిరక్కుండా చెల్లెలు తన గ్లాసులు ఆరు పెట్టెలో పెట్టుకుని వచ్చింది. "ఇవీ ఊదినవే. చూడు, అన్నీ ఒకే ఎత్తు!"

తీరిగ్గా చేతులు తుడుచుకుని గోరు ఆనించాను. మొదటిదానికే తట్టుకుంది.

"అతుకు ఉంది. ఇది అచ్చులో పోసింది" అన్నాను. ఈసారి రాయచోటి అక్క నన్ను గిల్లలేదు.